పిల్లల మెదడు పొరల వాపు: బ్యాక్టీరియా, వైరస్ భేద నిర్ణయ చరిత్ర (హైదరాబాదు పాతబస్తీ)

మెదడును, వెన్నుపామును కప్పి ఉండే పొరలకు వచ్చే వాపును వైద్యులు మెనింజైటిస్ అంటారు. తెలుగులో దీన్ని మెదడు పొరల వాపు అని రాస్తుండగా, హైదరాబాదు పాతబస్తీలోని ఉర్దూ మాట్లాడే కుటుంబాలు మెడ బిగుసుకుపోయే లక్షణాన్ని బట్టి గర్దన్ తోడ్ బుఖార్ అని పిలుస్తాయి. పిల్లల్లో ఈ వాపు బ్యాక్టీరియా వల్ల వచ్చిందా, వైరస్ వల్ల వచ్చిందా అని తేల్చడం శిశువైద్యంలో అతి క్లిష్టమైన నిర్ణయాల్లో ఒకటి. ఎందుకంటే మొదటిది కొన్ని గంటల్లోనే ప్రాణం తీయగలదు, బతికిన బిడ్డకు చెవుడునో మూర్ఛనో మిగల్చగలదు. రెండవది చాలామందిలో వారం పది రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. అయినా ఆసుపత్రి గుమ్మం దగ్గర రెండింటిలోనూ కనిపించేది అదే జ్వరం, అవే వాంతులు, అదే తలనొప్పి. ఏడాది నిండని పసివాళ్లలో మెడ బిగుసుకోవడం కూడా కనిపించకపోవచ్చు. మాడు ఉబ్బడం, పాలు వదిలేయడం, ఎత్తుకున్నకొద్దీ ఏడవడం మాత్రమే ఆనవాళ్లుగా ఉంటాయి.

ప్రాచీన వైద్యగ్రంథాలు ఈ జ్వరాన్ని లక్షణాల ద్వారానే గుర్తించాయి. యునానీ వైద్యులు సర్సామ్ అనే పేరు కింద దీన్ని వర్ణించారు.

ఆధునిక చరిత్ర 1768లో ప్రచురితమైన స్కాట్లండు వైద్యుడు రాబర్ట్ విట్ గ్రంథంతో మొదలవుతుంది. పిల్లల మెదడులో నీరు చేరడంగా అతడు వర్ణించిన వ్యాధి నిజానికి క్షయ వల్ల వచ్చే మెదడు పొరల వాపు అని తరువాతి తరాలు గుర్తించాయి. 1805లో జెనీవా నగరంలో చెలరేగిన అంటువ్యాధిని గాస్పార్ వ్యూస్సో వివరించాడు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, తుంటి దగ్గర మడిచిన కాలును మోకాలి వద్ద చాచబోతే నొప్పితో బిగుసుకుపోతుందని 1882లో కెర్నిగ్, మెడ వంచితే మోకాళ్లు వాటంతటవే ముడుచుకుంటాయని 1909లో బ్రుద్జిన్‌స్కీ చెప్పిన గుర్తులను వైద్య విద్యార్థులు ఇప్పటికీ నేర్చుకుంటారు. అయితే ఆ గుర్తులు పొరల్లో వాపు ఉందని చెప్పగలవే గాని, దాన్ని తెచ్చిన క్రిమి ఏదో చెప్పలేవు. ఆ ప్రశ్నకు దారి తెరిచినవి మూడు ఆవిష్కరణలు: 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ కనుగొన్న రంగు పరీక్ష, 1887లో వియన్నాలో వైక్సెల్‌బామ్ మెనింగోకాకస్ బ్యాక్టీరియాను వేరుచేయడం, 1891లో కీల్ నగరంలో హైన్రిఖ్ క్వింకే నడుము దగ్గర వెన్నుపూసల మధ్య సూది గుచ్చి మెదడు–వెన్ను ద్రవాన్ని తీసిన లంబార్ పంక్చర్. ఈ మూడింటిలో క్వింకే సూదికే అగ్రస్థానం దక్కాలి, ఎందుకంటే మిగిలిన రెండూ దాని ద్వారానే రోగి పడక దగ్గరికి చేరాయి. 1912లో మెస్త్రెజా ఆ ద్రవపు రసాయన గుణాలపై సమగ్ర గ్రంథం వెలువరించాడు. ద్రవంలో కణాలు పెరిగినా ఏ బ్యాక్టీరియా దొరకక, రోగి త్వరగా కోలుకునే ఒక ప్రత్యేక వ్యాధి ఉందని 1925లో స్వీడన్ శిశువైద్యుడు అర్విద్ వాల్‌గ్రెన్ నిర్వచించాడు; వైరస్ రకానికి వైద్యశాస్త్రంలో స్థానం ఏర్పడింది అప్పుడే.

హైదరాబాదులో ఈ కాలం పెద్ద ఆసుపత్రుల నిర్మాణ కాలం. నాలుగవ నిజాం నాసిరుద్దౌలా పాలనలో 1846లో వైద్య పాఠశాల వెలిసింది; 1866లో మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఏర్పడింది. 1888, 1889లలో వైద్యుడు ఎడ్వర్డ్ లారీ నాయకత్వాన మత్తుమందు క్లోరోఫారం భద్రతను పరిశీలించిన కమిషన్లు ఈ నగరం పేరును ప్రపంచ వైద్యపత్రికల్లోకి ఎక్కించాయి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు ప్రాంతంలోని బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమి దశను చూశాడు. జ్వరంతో మూర్ఛలొచ్చే బిడ్డలో మెదడు మలేరియా కూడా పరిశీలించవలసిన కారణం కాబట్టి, ఆ సూక్ష్మదర్శిని పరిశోధనకు ఈ చరిత్రలోనూ చోటుంది. 1908 సెప్టెంబరు వరద అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ధ్వంసం చేయగా, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో విన్సెంట్ ఎష్ రూపకల్పనలో ఉస్మానియా ఆసుపత్రి భవనం 1920ల మధ్యనాటికి సిద్ధమైంది.

సల్ఫా మందులు, పెన్సిలిన్, వైరస్‌లను కణాల్లో పెంచే పద్ధతులు వచ్చిన ఇరవయ్యవ శతాబ్దపు మధ్య దశాబ్దాల్లో, నిజాం కోడలు నిలోఫర్ యువరాణి చొరవతో రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ ఆసుపత్రి 1953లో మొదలైంది. పాతబస్తీలోని పురానీ హవేలీలో నిజాం మరో కోడలు దుర్రుషెహ్వార్ పేరిట పిల్లల ఆసుపత్రి వెలిసింది.

భేద నిర్ణయానికి నేటికీ మూలాధారం వెన్ను నుంచి తీసిన ద్రవమే. బిడ్డను పక్కకు తిప్పి, మోకాళ్లు పొట్టకు తగిలేలా ఒకరు గట్టిగా పట్టుకోగా, వైద్యుడు చుక్కచుక్కగా రెండు మూడు గొట్టాల్లో ద్రవాన్ని పడతాడు. గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూసినప్పుడు బియ్యం కడుగులా మసకగా ఉంటే బ్యాక్టీరియా అనుమానం బలపడుతుంది. తేటగా ఉన్నంత మాత్రాన ఆ అనుమానం వీడదు. ప్రయోగశాలలో సాధారణంగా కనిపించే తేడా ఇది: బ్యాక్టీరియా రకంలో తెల్లకణాలు తరచు వెయ్యి దాటి, వాటిలో న్యూట్రోఫిల్స్ అనే చీము కణాలు ఎక్కువగా ఉండి, ప్రొటీన్ పెరిగి, గ్లూకోజ్ డెసిలీటరుకు 40 మిల్లీగ్రాముల కంటే తక్కువకు పడిపోతుంది. వైరస్ రకంలో కణాలు వందల్లోనే ఉండి, లింఫోసైట్లు అనే మరో రకం తెల్లకణాలు ఎక్కువై, గ్లూకోజ్ మామూలుగా ఉంటుంది. కాని వైరస్ వ్యాధిలోనూ మొదటి రోజు న్యూట్రోఫిల్సే ఎక్కువ కనిపించవచ్చు. గ్లూకోజ్ తగ్గి లింఫోసైట్లు పెరిగితే ఈ రెండూ కాక క్షయను అనుమానించవలసి ఉంటుంది. భారతదేశంలో ఈ మూడవ అవకాశాన్ని ఏ వైద్యుడూ పక్కన పెట్టలేడు.

ఈ నిర్ణయాన్ని తప్పుదారి పట్టించే ముఖ్య కారణం ముందుగానే వాడిన యాంటీబయాటిక్. సిరలోకి మందు ఎక్కించిన రెండు గంటల్లోపే మెనింగోకాకస్, నాలుగు గంటలయ్యేసరికి ఈ వాపు తెచ్చే మరో బ్యాక్టీరియా న్యూమోకాకస్ ద్రవంలో పెంచడానికి దొరకకుండా పోవచ్చని 2001లో వెలువడిన అమెరికా అధ్యయనం చూపింది. మందుల దుకాణంలో కొన్న సిరప్ రెండు మూడు రోజులు తాగించాక ఆసుపత్రికి తెచ్చిన బిడ్డలో సగం నయమైన బ్యాక్టీరియా వ్యాధి వైరస్ వ్యాధిగా భ్రమింపజేయవచ్చు.

2003 జూన్–ఆగస్టు మాసాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని కరీంనగర్, వరంగల్ తదితర జిల్లాల్లో 329 మంది పిల్లలకు మెదడు జ్వరం సోకి, వారిలో 183 మంది మరణించడం తెలుగు ప్రాంత వైద్యచరిత్రలో మరువరాని విషాదం. కారణం 1965లో నాగపూర్ సమీప గ్రామంలో కనుగొన్న చాందీపుర వైరస్ అని పుణే జాతీయ వైరాలజీ సంస్థ తేల్చింది. అది పొరల వాపు కాదు, మెదడుకే సోకిన వ్యాధి; వైరస్ అనగానే ప్రమాదం లేదనుకోరాదని ఆ అనుభవం చూపింది.

2007లో నిగ్రోవిక్ బృందం 20 అమెరికా ఆసుపత్రుల్లోని 3,295 మంది పిల్లలపై, బ్యాక్టీరియా వ్యాధి ముప్పు అతి తక్కువగా ఉన్నవారిని గుర్తించే ఐదు అంశాల గణనను పరీక్షించింది: ద్రవంలో గ్రామ్ పరీక్ష ఫలితం, న్యూట్రోఫిల్స్ వెయ్యికి, ప్రొటీన్ డెసిలీటరుకు 80 మిల్లీగ్రాములకు, రక్తంలో న్యూట్రోఫిల్స్ పదివేలకు చేరడం లేదా మించడం, మూర్ఛ. ఇది ప్రశంసనీయమైన పరికరమే అయినా, ముందే యాంటీబయాటిక్ వాడిన పిల్లలకు వర్తించదు, క్షయను లెక్కలోకి తీసుకోదు. అందువల్ల హైదరాబాదు వార్డుల్లో దాన్ని ఉన్నదున్నట్టుగా వాడడం క్షేమం కాదు. రక్తంలో వాపు స్థాయిని చూపే సీఆర్‌పీ, ప్రొకాల్సిటోనిన్ పరీక్షలు, 2015లో అమెరికాలో అనుమతి పొందిన, 14 రకాల క్రిములను వాటి జన్యుపదార్థం ద్వారా ఒకేసారి వెతికే పీసీఆర్ పరీక్ష కూడా ఈ నిర్ణయానికి తోడయ్యాయి.

టీకాలు ఈ సమస్య స్వరూపాన్నే మార్చాయి. పిల్లల్లో ఈ వాపు తెచ్చే హిబ్ బ్యాక్టీరియా నుంచి రక్షణ ఇచ్చే పెంటావాలెంట్ టీకా 2011 డిసెంబరులో తమిళనాడు, కేరళలలో ప్రభుత్వ కార్యక్రమంలో మొదలై తరువాత తెలుగు రాష్ట్రాలకూ వచ్చింది. న్యూమోకాకల్ టీకా 2021లో దేశమంతటా విస్తరించింది. ఈ టీకాల తయారీలో హైదరాబాదుకు చెందిన బయలాజికల్ ఇ, శాంతా బయోటెక్నిక్స్ సంస్థల పాత్ర గర్వించదగినది. గవదబిళ్లల టీకా మాత్రం జాతీయ కార్యక్రమంలో లేదు, ఆ వైరస్ పొరల వాపుకు కారణాల్లో ఒకటి. 1987లో మక్కాలో చెలరేగిన మెనింగోకాకస్ వ్యాధి తరువాత హజ్ యాత్రికులకు టీకా తప్పనిసరి కాగా, పాతబస్తీ కుటుంబాలకు మెనింజైటిస్ అనే పేరు యాత్ర ఏర్పాట్లలో భాగంగానే పరిచయమైంది.

వెన్నులో నీరు తీస్తే బిడ్డ కాళ్లు పడిపోతాయన్న భయం చాలా కుటుంబాల్లో ఇప్పటికీ ఉంది. సూది వెన్నుపాము ముగిసే చోటికి దిగువనే పోతుంది గనుక ఆ భయానికి ఆధారం లేదు. తల్లిదండ్రులు పరీక్షకు వెంటనే అంగీకరించడం, అంతకుముందు ఏ మందు ఎన్ని మోతాదులు ఇచ్చారో చీటీతో సహా వైద్యుడికి చూపడం నిర్ణయానికి ఎంతో తోడ్పడతాయి. ద్రవం తీయడం ఆలస్యమయ్యేట్టుంటే ఫలితాల కోసం ఆగకుండా వైద్యుడు యాంటీబయాటిక్ మొదలుపెడతాడు.