సముద్ర అకశేరుకాల జీర్ణనాళంలో శ్లేష్మ కణాలు

కాకినాడ అఖాతపు బురదలో బతికే గుల్లకు తిండి పట్టడం, మింగడం, అరిగించుకోవడం అంతా జిగురు (శ్లేష్మం) మీదే నడుస్తుంది. ఆ ఒడ్డునే చెరువులో పెరిగే రొయ్య మధ్యపేగులో శ్లేష్మ కణాల వరసే ఉండదు. రెండూ ఉప్పునీటి ప్రాణులే, రెంటికీ వెన్నెముక లేదు. జిగురు కనబడిన చోటల్లా శ్లేష్మ కణం ఉందనుకోవడం ఎంత పొరపాటో ఈ జంటను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. శాస్త్రానికీ ఆ సంగతి ఒక్కరోజులో తెలియలేదు. జర్మన్ జంతుశాస్త్రవేత్త ఫ్రాంజ్ ఐల్‌హార్డ్ షుల్జే 1867లో శ్లేష్మ కణాలను ఆకారాన్ని బట్టి గిన్నె కణాలన్నాడు. గాబ్లెట్ కణమన్న పేరు అలా వచ్చిందే. అకశేరుకాల్లో ఆ గిన్నె రూపం ప్రతిచోటా కనిపించదు. అందుకే 1946లో మెక్‌మానస్ వాడిన పి.ఎ.ఎస్. (పీరియాడిక్ యాసిడ్-షిఫ్) రంగు, 1950లో స్టీడ్‌మన్ తెచ్చిన ఆల్షియన్ బ్లూ వచ్చాకే కణాన్ని రూపంతో కాక స్రావంతో గుర్తుపట్టడం కుదిరింది. అప్పుడైనా జాగ్రత్త తప్పదు: పి.ఎ.ఎస్. రంగు గ్లైకోజెన్‌కీ ఎక్కుతుంది.

గుల్ల సంగతి చూడండి. మొప్పల మీద పడిన నాచు రేణువులు జిగురులో చిక్కి, తాడులా పేనుకుని నోటికి చేరతాయి. కడుపులో గాజుపుల్లలా మెరిసే మెత్తటి కడ్డీ ఒకటి గిర్రున తిరుగుతూ ఆ తాడును బావి గిలకలా లోపలికి లాగుతుంది. తిరుగుతూనే కొస అరిగి, పిండిపదార్థాన్ని జీర్ణంచేసే ఎంజైమును వదులుతుంది. గుల్లల జీర్ణక్రియపై 1920లలో సి. ఎం. యంగ్ చేసిన పరిశోధన ఈ విషయంలో గట్టి పునాది.

రొయ్యది వేరే దారి. ముందుపేగుకూ వెనకపేగుకూ కైటిన్ పొర ఉంటుంది. మధ్యపేగులో మేతను పలుచని సంచిలాంటి పొర చుట్టేస్తుంది. ఇలాంటి పొరకు 1890లో బాల్బియానీ పెట్టిన పేరే పెరిట్రోఫిక్ పొర. రొయ్య ఆహారనాళం దగ్గర జిగురు గ్రంథులు ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి, కాని అవి పొర కింద దాగి సన్నని నాళాల ద్వారా స్రవిస్తాయి; పేగు లోపలి వరసలో కలిసినవి కావు. ఇంకో అభ్యంతరం బలమైనది: 1997లో ఒక చిమ్మట పురుగు పేగుపొరలోనే శ్లేష్మపు ప్రోటీన్ దొరికింది. అయితే దానివల్ల తేలింది ఒక్కటే, శ్లేష్మ కణాల వరస లేకుండానే ఆ ప్రోటీన్ తయారు కాగలదని.

డెల్టా రొయ్యల రైతుకు ఇది పుస్తకాల గొడవ కాదు. రొయ్యలకు వైట్ గట్ జబ్బు వచ్చినప్పుడు చెరువులో గాలివాటు గట్టు వైపు తేలే తెల్లటి పోగులను చూస్తే పేగు జిగురు ఊడి వస్తోందనిపించడం సహజం. థాయ్‌లాండ్ రొయ్యలపై 2014లో వచ్చిన పరిశోధన అసలు సంగతి చెప్పింది: వాటిలో ఉండేది హెపటోపాంక్రియాస్ (జీర్ణగ్రంథి) కణాల నుంచి ఊడి, రూపు మారి, ముద్దకట్టిన సూక్ష్మచూషకాలు.