కర్ర మీద ఎవరి పేరు?

మా బాల్కనీలో గోడకి ఆనించి ఒక గాలం కర్ర ఉంది. పని దాదాపు అయిపోయింది. కార్బన్ గొట్టానికి కార్కు పిడి ఎక్కించాను. దారం జారే రింగులు తొమ్మిదీ వరసలో నిలబెట్టి, ఒక్కోదాని కాళ్ళనీ సన్నటి నైలాన్ దారంతో చుట్టాను. ఇక ఆ చుట్ల మీద ఎపాక్సీ పూయడమే మిగిలింది. పూసే ముందు ఇంకో చిన్న పని ఉంటుంది. పిడికి కాస్త పైన, జానెడు జాగాలో, కర్ర చేసినవాళ్ళు తమ పేరు రాసుకుంటారు. ఎంత పొడవు, ఏ సంవత్సరం, ఎవరు చేశారు. దాని మీద ఎపాక్సీ పడి గట్టిపడిందంటే ఆ పేరు ఇక చెరగదు.

నేను ఆ పేరు దగ్గరే ఆగిపోయాను. మూడు వారాలైంది.

ఈ పిచ్చి మా తాతయ్యది. పాలకొల్లు దగ్గర మా ఊరు. సాయంత్రమైతే నరసాపురం కాలువ గట్టున ఆయన కూర్చునేవాడు. చేతిలో వెదురు కర్ర, బెండుకి నెమలీక కాడ, కొరమీను కోసమైతే గాలానికి కప్పపిల్ల. ఆయన కర్ర మీద ఏ పేరూ లేదు. రింగులూ లేవు, పూతా లేదు. చెయ్యి తగిలి తగిలి వచ్చిన నునుపు మాత్రం ఉండేది. నేను హైదరాబాదులో ఇన్నేళ్ళ తర్వాత సొంతంగా కర్ర చేసుకుందామని కూర్చుని, ఎలా చేస్తారో చదవడం మొదలెడితే, చదువు కాస్తా చరిత్రలోకి జారిపోయింది.

పాశ్చాత్య దేశాల గాలం కర్రల చరిత్రలో ఒక పెద్ద మలుపు వెదురుతో వచ్చింది. అంతకుముందు వాళ్ళవి బరువైన చెక్క కర్రలు. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికావాళ్ళు వెదురుని బద్దలుగా చీల్చి, ఆ బద్దల్ని మళ్ళీ జిగురుతో అతికించి కర్రలు చేయడం పెంచుకున్నారు. చీల్చినదాన్ని మళ్ళీ అతికించడమెందుకు అనిపిస్తుంది. వెదురు బలమంతా పైచర్మం కింద ఉన్న నారలోనే ఉంటుంది. లోపలికి పోయేకొద్దీ మెత్తన, నడుమ బోలు. బద్దల్ని త్రికోణంగా చెక్కి, గట్టి వైపు బయటికి ఉండేలా ఆరింటిని అతికిస్తే, సన్నగా, తేలిగ్గా, బోలు లేకుండా, ఎంత వంచినా తిరిగి నిటారుగా లేచే కర్ర తయారవుతుంది.

ఈ పనిలో మొదట వినబడే అమెరికన్ పేరు పెన్సిల్వేనియాలోని ఈస్టన్ ఊరివాడు శామ్యూల్ ఫిలిప్‌ది. తుపాకులు చేసేవాడు, వయొలిన్లు కూడా చేసేవాడు. 1840ల్లో వెదురు బద్దల మీద పడ్డాడు. తర్వాత మెయిన్ రాష్ట్రంలోని బాంగర్ ఊళ్ళో హైరమ్ లెనర్డ్ వచ్చాడు. 1870ల్లో ఆరు బద్దల కర్రని వ్యాపారంగా నిలబెట్టాడు. బద్దలు కోసే యంత్రాన్ని తాళం వేసిన గదిలో దాచి, ఎవరినీ లోపలికి రానిచ్చేవాడు కాదట. ఆయన దగ్గర పనిచేసిన థామస్, ఎడ్వర్డ్స్, పేన్ బయటికొచ్చి సొంత కర్రలు చేశారు. వీళ్ళందరి పేర్లూ ఇవాళ సేకరణకర్తలకి కంఠతా వచ్చు. ఆ పేర్లున్న పాత కర్రలు వేల డాలర్లు పలుకుతాయి.

మరి వెదురు ఎక్కడిది? మనదే. దాన్ని వాళ్ళు 'కలకత్తా కేన్' అన్నారు.

ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించిన మాట నిజం. కలకత్తా ఓడరేవులో మోపులు మోపులుగా ఓడెక్కి, అటు ఇంగ్లండుకీ ఇటు అమెరికాకీ పోయిన వెదురు అది. దాని ఒంటి మీద అక్కడక్కడా కాలిన మచ్చలుండేవి. కొన్నిచోట్ల మచ్చ నారలోకి దిగి ఆ బద్ద పనికిరాకుండా పోయేది. కర్రలు చేసేవాళ్ళు ఆ మచ్చల గురించి విసుక్కుంటూ రాశారు. కానీ ఆ వెదురు కలకత్తాలో మొలవలేదు కదా. ఏదో అడవిలో ఎవరో కొట్టారు, ఎవరో మోశారు, ఎవరో నిప్పు మీద కాచి వంకర తీశారు. వాళ్ళందరినీ కలిపి ఓడరేవు పేరు మింగేసింది.

సరిగ్గా అదే కాలంలో ఇక్కడ దొరలు మన నదుల మీద గాలాలు వేస్తున్నారు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివన్ థామస్ 1873లో 'ద రాడ్ ఇన్ ఇండియా' అనే పుస్తకం వేశాడు. మహసీర్ చేపని ఎలా పట్టాలో తెల్లవాళ్ళకి నేర్పిన పుస్తకం. ఇక్కడి వెదురు అక్కడికి పోయి, అక్కడి కర్రలు దొరల సామాన్లతో ఇక్కడికి వచ్చిన రోజులవి. పత్తి కథే మళ్ళీ, కాకపోతే చిన్న అక్షరాల్లో.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కలకత్తా వెదురుని ఇంకో వెదురు పక్కకి నెట్టేసింది. దాన్ని 'టాంకిన్ కేన్' అన్నారు. టాంకిన్ అంటే వియత్నాం ఉత్తర భాగం. వెదురు మాత్రం అక్కడిది కాదు, దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు కొండలది. అక్కడి రైతులు దాన్ని 'టీ కాడ వెదురు' అని పిలుచుకుంటారు. కొట్టిన గడల్ని ఏటి నీళ్ళలో ఇసకతో రుద్ది తోమి, ఎండలో ఆరబెట్టి, నిప్పు మీద కాచి నిటారు చేస్తారు. వాళ్ళ పిలుపు గానీ వాళ్ళ ఊరు గానీ వెదురుతో పాటు సముద్రం దాటలేదు. కాంటన్‌లోని లింగ్నాన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఫ్లాయిడ్ మెక్‌క్లూర్ 1931లో దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. అందులో 'అమాబిలిస్' అనే మాటకి లాటిన్‌లో ముద్దొచ్చేది అని అర్థం. అప్పటికే అమెరికాలో ఆ వెదురుతో ఏళ్ళ తరబడి కర్రలు తయారవుతున్నాయి.

కొరియా యుద్ధం రాగానే, 1950లో అమెరికా చైనాతో వర్తకం ఆపేసింది. టాంకిన్ వెదురు రావడం ఆగిపోయింది. పాత నిల్వలున్నవాళ్ళు కొన్నాళ్ళు నెట్టుకొచ్చారు. అప్పటికే మార్కెట్లోకి దిగిన గాజునార కర్రలు ఈ సందులో దూసుకొచ్చాయి. ఇరవయ్యేళ్ళ తర్వాత, 1971లో ఆంక్షలు ఎత్తేసేసరికి వెదురు కర్ర పాతకాలపు ముచ్చటగా మిగిలింది. 1973లో ఫెన్విక్ కంపెనీ కార్బన్ కర్ర తెచ్చింది. 1960ల్లో ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో విమానాల కోసం గట్టిపరిచిన కార్బన్ నార అలా చేపల దాకా వచ్చింది. మా బాల్కనీలో ఉన్నది దాని మునిమనవరాలు.

ఎపాక్సీ కథ ఇంకా తమాషా. స్విట్జర్లాండ్‌లో పియేర్ కాస్టాన్ అనే రసాయన శాస్త్రవేత్త 1930ల్లో కట్టుడు పళ్ళకి పనికొచ్చే పదార్థం కోసం వెతుకుతూ దీన్ని పట్టుకున్నాడు. పళ్ళ వ్యాపారంలో అది నిలవలేదు. హక్కులు సీబా కంపెనీకి వెళ్ళాయి. వాళ్ళు 1946లో దాన్ని జిగురుగా అమ్మారు. పేరు ఆరల్డైట్. మన ఇళ్ళలో విరిగిన కప్పు పిడి దగ్గర్నుంచి అన్నిటికీ వాడిన ఆ రెండు ట్యూబుల ఆరల్డైటే. పాతకాలంలో దారం చుట్ల మీద వార్నిష్ పూతలు పూతలుగా వేసి, ఒక్కోటీ ఆరేదాకా రోజుల తరబడి కాచుకునేవారు. ఎపాక్సీ ఒకటి రెండు పూతల్లో అద్దంలా నిలుస్తుంది.

నిలుస్తుంది అని రాయడం తేలిక. మొదటిసారి నేను రెజిన్నీ హార్డెనర్నీ కంటితో చూసి కలిపాను. వానాకాలం. మర్నాటికి జిగట, వారం తర్వాతా జిగటే. గోటితో గీకి తీయాల్సొచ్చింది. ఆ తర్వాత రెండు సిరంజీలు కొన్నాను, దానికొకటి దీనికొకటి, సరిసమానంగా. గబగబా కలిపితే గాలి బుడగలొస్తాయి. మెల్లగా కలిపి, పూశాక లైటర్ మంటని ఒక్క క్షణం దూరంగా చూపిస్తే బుడగలు చిట్లిపోతాయి. గట్టిపడేదాకా కర్ర తిరుగుతూనే ఉండాలి, లేకపోతే పూత కిందికి జారి పొట్ట కడుతుంది. పాత మైక్రోవేవ్‌లో పళ్ళెం తిప్పే మోటారు పీకి దానికి కట్టాను.

నేను చెక్కే ఎర చేపలకీ ఇదే పూత. వాటి చరిత్రలో నాకిష్టమైన మనిషి ఫిన్లండ్ జాలరి లౌరి రాపాల. 1936లో షూ రిపేరు కత్తితో కార్కు ముక్క చెక్కి, చాక్లెట్ రేకు చుట్టి చేపపిల్లని చేశాడు. పూతకి లక్క కొనే స్తోమత లేక ఫోటో నెగటివ్‌లు కరిగించి పూశాడు. ఎవరి ముఖాలు కరిగి ఆ చేపకి చర్మమయ్యాయో అని అప్పుడప్పుడూ అనుకుంటాను.

సరే, పేరు దగ్గరికొద్దాం. ఇదంతా చదివాక నా పేరు రాసుకోబుద్ధి కాలేదు. కర్ర మీద నిలిచేది చివర పూత పూసినవాడి పేరేనని తెలిసిపోయింది కదా. తాతయ్య కర్ర గుర్తొచ్చింది. దాన్ని ఆయన మేదర వీధిలో తెచ్చేవాడు. అదే రాద్దామనుకున్నాను: 'మేదర వీధి'. తెల్ల సిరా పెన్ను తీసి, కాగితం మీద రెండుమూడుసార్లు రాసి చూసుకున్నాను. బాగానే ఉంది. ఫిలిప్ కంటే, లెనర్డ్ కంటే ముందు వెదురు చీల్చిన చేతులకి ఇది నా వంతు న్యాయం అనిపించింది కూడా.

అప్పుడు తట్టింది. కలకత్తా. టాంకిన్. మేదర వీధి. నేను చేస్తున్నదీ అదే.

వెంటనే అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, తాతయ్యకి గాలం కర్రలు ఎవరిచ్చేవారు?"

"మేదరాయన."

"పేరేంటి?"

కాసేపు ఆలోచించింది. "మేదరాయన అనే అనేవాళ్ళం రా. నా పెళ్ళికి తట్టలూ బుట్టలూ ఆయనే అల్లాడు. మన చాటలు, కోళ్ళ గంప, అన్నీ ఆయనవే. తాతయ్య కోసం సన్నగడ ఏరి పక్కన పెట్టేవాడు."

"ఆయనకి మన పేర్లు తెలుసా?"

"తెలీకపోవడమేంటి? నువ్వు పుట్టినప్పుడు చిన్న ఊయల బుట్ట తెచ్చిచ్చాడు. పేరు పెట్టిన రోజు వాకిట్లో నించుని నీ పేరు రెండుసార్లు అడిగి మరీ తెలుసుకున్నాడు."

ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఓడరేవు గుమాస్తాని తిట్టుకోవడానికి నాకు మూడు వారాలు తీరిక దొరికింది. నా పేరు రెండుసార్లు అడిగిన మనిషి పేరు మా ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ ఒక్కసారీ అడగలేదు.

ఆయన కొడుకు ఇప్పటికీ అదే వీధిలో ఉన్నాడట, నిచ్చెనలు కడతాడట. సంక్రాంతికి ఊరెళ్తున్నాను. అప్పటికి గాల్లో తేమ కూడా తగ్గుతుంది, ఎపాక్సీ బాగా కుదురుతుంది. అందాకా కర్ర బాల్కనీలోనే ఉంటుంది. ఆ జానెడు జాగా ఖాళీగా ఉంది.