సూచీలో కుర్చీ

మొన్నో ఆదివారం సాయంత్రం డార్విన్ లో స్టోక్స్ హిల్ వార్ఫ్ మీద కూర్చుని ఉన్నాం. హార్బరు అవతల గ్యాసు ప్లాంట్లు కనిపిస్తున్నాయి. కొత్తగా ఈ ఊరు వచ్చిన కుర్రాడొకడు వాటిని చూపించి, "అన్నా, శాంటోస్ కంపెనీ ఇండెక్స్ లో ఉందిగా, ఫ్యాక్టరీ కళ్ళెదురుగానే ఉంది, ఉన్న డబ్బంతా దాంట్లో పెట్టేస్తే పోలా?" అన్నాడు.

వాడి ధీమాకి కారణం లేకపోలేదు. విక్హామ్ పాయింట్ ప్లాంటు నడిపే శాంటోస్ ఏఎస్ఎక్స్ 200 సూచీలో ఉంది. పక్కనే బ్లేడిన్ పాయింట్ లో ఉన్నది ఇన్‌పెక్స్ ప్లాంటు, ఆ కంపెనీ టోక్యో నిక్కీ 225 లో ఉంది. అన్నట్టు, శాంటోస్ అంటే ఎవరో స్పానిష్ దొర అనుకునేరు! 1954 లో పెట్టినప్పుడు 'సౌత్ ఆస్ట్రేలియా నార్తర్న్ టెరిటరీ ఆయిల్ సెర్చ్' అన్న మాటల మొదటి అక్షరాలు కలిపి పెట్టిన పేరది. అంటే మా టెరిటరీ కూడా ఆ పేరులో ఉందన్నమాట.

మన ప్రాంతం కంపెనీ సూచీలో ఉంటే కలిగే ఆనందం మన తెలుగువాళ్ళకి కొత్త కాదు. 1987 లో హైదరాబాదులో మొదలైన సత్యం కంప్యూటర్స్ 2001 లో న్యూయార్క్ ఎక్స్చేంజికి వెళ్ళింది, సెన్సెక్స్ లోని 30 కంపెనీల్లో ఒకటయింది. 2008 సెప్టెంబరులో కంపెనీని చక్కగా నడుపుతున్నందుకని గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా ఇచ్చారు. మరి ఇంకేం కావాలి?

2009 జనవరి 7 న రామలింగరాజు గారి ఉత్తరం బయటికొచ్చింది. లెక్కల్లో చూపించిన నగదులో 5,000 కోట్లకు పైగా అసలు లేనే లేదని అందులో ఆయనే రాశారు. ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40 దగ్గరికి పడింది. సెన్సెక్స్ 749 పాయింట్లు కోల్పోయింది.

తర్వాత సూచీ ఏం చేసిందో చూడండి. ఆ నెలలోనే సత్యాన్ని లేపి ఆ కుర్చీలో సన్ ఫార్మాని కూర్చోబెట్టారు. ఆ సంవత్సరం పూర్తయ్యేసరికి సెన్సెక్స్ 17,000 దాటింది. సత్యం షేరు పట్టుకుని కూర్చున్నవాళ్ళు మాత్రం 2013 దాకా ఆగి, 17 షేర్లకు 2 చొప్పున టెక్ మహీంద్రా షేర్లు తీసుకున్నారు.

సంగతేమిటంటే, సూచీలో చోటు దక్కేది ప్రధానంగా కంపెనీ మార్కెట్ విలువని, షేర్ల లావాదేవీలని బట్టి. లెక్కల పుస్తకాలు నిజమా కాదా అని ఆ కమిటీ లోపలికెళ్ళి చూడదు. చిక్కినవాడిని పంపేసి బలిసినవాడిని పిలుస్తుంది. అందుకే సూచీకి ఆయుష్షు ఎక్కువ, సభ్యులకి ఆ హామీ లేదు. 1896 లో డౌ జోన్స్ మొదలుపెట్టిన 12 కంపెనీల్లో ఇప్పుడక్కడ ఒక్కటీ లేదు. చివరిదాకా ఉన్న జనరల్ ఎలక్ట్రిక్ ని కూడా 2018 లో తీసేశారు.

ఇదంతా విని కుర్రాడు, "అయితే శాంటోస్ మంచిది కాదంటావా అన్నా?" అన్నాడు.

అలా అననురా తమ్ముడూ, నాకేం తెలుసు? కానీ నీ సూపర్ లో ఆస్ట్రేలియా షేర్లకి వెళ్ళే భాగంలో ఇలాంటి పెద్ద కంపెనీలన్నీ తలా కాస్త ఇప్పటికే ఉండి ఉంటాయి. వాటిలో ఒకటి కూలితే నీకు చిన్న దెబ్బ తగులుతుంది, అంతే. డబ్బంతా ఒకదాంట్లోనే పెడితే, అది పడ్డ రోజున నీ డబ్బు కోసం సూచీ ఆగదు. కుర్చీ తుడిచి ఇంకొకర్ని కూర్చోబెట్టుకుంటుంది.

వాడు కాసేపు మాట్లాడలేదు. అవతల ప్లాంటు దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ఇంటిదారి పట్టాం.