రూ.40 కోట్ల ‘ఒంగోలు ఆవు’.. ఆ రేటు మాంసానికి కాదు! మరి దేనికి?

బ్రెజిల్‌లో ఒంగోలు జాతి ఆవు రూ.40 కోట్లకు అమ్ముడుపోయిందంటూ వీడియోలు ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి. ఆవు నిజమే, పేరు వియాటినా-19. కానీ 40 కోట్లు పోసి దాన్ని ఎవరూ కొనలేదు. 2023లో సావో పాలో రాష్ట్రంలోని అరందులో జరిగిన వేలంలో అమ్మింది మూడో వంతు వాటా మాత్రమే. దానికే 14 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఆ లెక్కన మొత్తం ఆవు విలువ 43 లక్షల డాలర్లు దాటింది. గిన్నిస్ రికార్డుకెక్కింది ఈ లెక్కే.

ఆవులో వాటా ఏంటని అనుమానం రావచ్చు. అక్కడ పాడుకునేది ఆవును కాదు, దాని అండాలను. మామూలుగా ఆవు ఏడాదికి ఒక్క దూడనే ఈనుతుంది. ఐవీఎఫ్‌లో అండాలు తీసి, ల్యాబ్‌లో పిండాలు తయారుచేసి, వేరే ఆవుల గర్భంలో పెడతారు. దాంతో ఒకే తల్లికి ఏడాదిలో పదుల కొద్దీ దూడలు పుట్టొచ్చు. వియాటినా అండాలు తీసుకునే ఛాన్స్‌కే 2.5 లక్షల డాలర్లు ఇచ్చారని దాని యజమాని ఒకరు అసోసియేటెడ్ ప్రెస్‌కు చెప్పారు. బరువు 1,100 కిలోలు, ఆ జాతి సగటు ఆవుకు దాదాపు రెట్టింపు. అయినా కబేళా లెక్కన చూస్తే దక్కేది కొన్ని వేల డాలర్లే.

అందుకే వేలంలో ముందు చూసేది వంశం. తల్లి, తండ్రి ఎవరు? వాటి దూడలు ఎంత తొందరగా బరువు పెరిగాయి? ఆ తర్వాతే కాళ్లు, గిట్టలు, నడుము కట్టు, పొదుగు. గతంలో ఎన్ని అండాలు వచ్చాయి, ఎన్ని నిలబడ్డాయి అనేది మరో లెక్క. షోలో టైటిల్ కొడితే రేటు ఇంకా ఎగురుతుంది. వియాటినాకు ‘మిస్ సౌత్ అమెరికా’ టైటిల్ కూడా ఉంది.

మందల్లోని మామూలు ఆవులకు ఇంత హంగామా ఉండదు. చూడితో ఉందా, ఎన్నో నెల, పళ్లు చూస్తే వయసెంత.. ఇవే ప్రశ్నలు. పుట్టబోయే దూడ మార్కెట్లో ఎంత పలుకుతుందన్న అంచనాతోనే బేరం మొదలవుతుంది. దూడల ధర పెరిగితే చూడి ఆవు ధరా పెరుగుతుంది. వయసు మళ్లినా, చూడి కట్టకపోయినా రేటు మాంసం ధరకు పడిపోతుంది. బ్రెజిల్‌లో దాన్ని 15 కిలోల ‘అరోబా’ లెక్కన కడతారు.

నెలోర్ అనే జాతి పేరు మన నెల్లూరు నుంచి వెళ్లిందే. 1960ల్లో ఒంగోలు దగ్గరి కరవది నుంచి వెళ్లిన ఆంబోతు అక్కడ ఆ ఊరి పేరుతోనే ఫేమస్. మన దగ్గర ఈ జాతిలో బండలాగుడు పోటీల్లో గెలిచిన జతలు లక్షలు పలుకుతాయి.