బందరు రేవు నుంచి దివిసీమ దాకా – దానధర్మాల బాట

ప్రతి ఏటా రంజాన్ రాగానే మనమంతా జకాత్, ఫిత్రాల లెక్క చూసుకుంటాం. వీధి గుమ్మం ముందు నిలబడ్డవారికి చేతనైనంత ఇచ్చి, బాధ్యత తీరిందనుకుంటాం. కానీ ఈ ఇవ్వటమనేది మన ప్రాంతంలో ఎలా నడిచింది, మనకేం నేర్పింది అని ఆలోచించే తీరిక మాత్రం తక్కువ. బందరు, గుడివాడ, దివిసీమల్లో పుట్టి పెరిగిన మనం ఆ చరిత్రను ఒక్కసారి గుర్తు చేసుకుందాం.

మచిలీపట్నం ఒకప్పుడు గోల్కొండ రాజ్యానికి సముద్ర ద్వారం. 1611లో ఇంగ్లీషువారు ఇక్కడ వర్తకశాల పెట్టక ముందునుంచే కుతుబ్ షాహీ సుల్తానుల ఓడలు ఈ రేవునుంచి ఎర్రసముద్రం వైపు సాగేవి. వాటిలో అద్దకపు బట్టలు వెళ్లేవి, హజ్ యాత్రికులు వెళ్లేవారు. మక్కా, మదీనాల్లో బీదలకు పంచిపెట్టే బియ్యం కూడా వెళ్లేది. మన రేవు బియ్యంతో అంత దూరాన పొయ్యి వెలిగిందంటే మనకు గర్వంగానే వుంటుంది. అయితే 1687లో గోల్కొండ పడిపోయింది. సుల్తాను పోయాడు, సుల్తాను పంపే ఓడా పోయింది. ఒక్కరి ఖజానా మీద నిలిచిన దానం ఆ ఖజానాతోనే ముగుస్తుందని దీనివల్ల తెలుస్తున్నది.

ఇస్లాం ఈ చిక్కును ముందే ఎరిగింది. అందుకే దానాన్ని రాజుగారి దయకు వదలలేదు. నిసాబు, అంటే ఏడున్నర తులాల బంగారం లేక యాభై రెండున్నర తులాల వెండి విలువగల సొమ్ము, ఏడాదిపాటు నిలిచివుంటే అందులో నూటికి రెండున్నర వంతు బీదల హక్కు. హక్కు అన్నమాట గమనించాలి. ఇచ్చేవాడు ఉపకారం చేయటం లేదు, బాకీ తీరుస్తున్నాడు.

పంటకూ ఇలాగే ఉష్ర్ వుంది. వానకు పండితే పదో వంతు, శ్రమపడి, ఖర్చుపెట్టి నీరు పెడితే ఇరవయ్యో వంతు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక గుడివాడ వైపు పొలాలు కాలువకింద మాగాణులయ్యాయి. కాలువ నీటికి పన్ను కట్టే రైతు ఇరవయ్యో వంతు ఇస్తే చాలునని ఎందరో ఉలమాల మాట. రైతు కష్టాన్ని కూడా ధర్మం లెక్కలోకి తీసుకుంది చూడండి! అయినా కృష్ణమ్మ నీరు మనం పుట్టించింది కాదు. అది అల్లాహ్ ఇచ్చిన నిఅమత్. ఇరవై బస్తాలు ఇంటికి వస్తే అందులో ఒకటి మనది కాదనుకోవటమే దానికి కృతజ్ఞత.

ఇక మనిషి పోయినా నిలిచే దానం వఖ్ఫ్. హజ్రత్ ఉమర్ (రజి) ఖైబర్‌లో తనకు దక్కిన మంచి భూమిని ఏం చేయమంటారని ప్రవక్త (స)ను అడిగారు. ఆయన సలహాపై ఆ భూమిని అమ్మకుండా, ఎవరికీ రాసివ్వకుండా, వారసులకు పంచకుండా కట్టడిచేసి, దాని ఫలసాయాన్ని బీదలకు, బాటసారులకు కేటాయించారు. చెట్టు దేవుడిది, పండు బీదవాడిది. సుల్తాను ఓడకూ ఈ భూమికీ తేడా ఇదే.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నామంటే, మన తీరం సంగతి మనకు తెలుసు. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదికి ఉప్పెన వచ్చి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. మళ్లీ 1977 నవంబరు 19, శనివారం, దివిసీమ మీద సముద్రం విరుచుకుపడింది. నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. పోయినవారు పదివేలని లెక్క. అంతకన్నా ఎక్కువేనని అన్నవారూ వున్నారు. అవి జిల్‌హజ్ తొలి దినాలు. బక్రీదు రెండు మూడు రోజుల్లో వుంది. పండుగ కొత్తబట్టలు కొనుక్కోవలసినవేళ శవాలకు కప్పే గుడ్డ వెతుక్కోవలసి వచ్చింది.

ఆ ఉప్పెన ఎవరినీ మతం అడగలేదు, సాయమూ అడగలేదు. మదర్ థెరిసా వచ్చారు. రామకృష్ణ మిషన్‌వారు ఇళ్లు కట్టించారు. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి ఊరూరా తిరిగారు. మన ధర్మమూ అదే చెబుతున్నది. సదఖాకు మతం అడ్డురాదు. బీదకు, అనాథకు, ఖైదీకి అన్నం పెట్టేవారిని ఖురాన్ మెచ్చుకుంది. ఆనాటి ఖైదీ యుద్ధంలో పట్టుబడ్డ శత్రువే గదా! ఇక పక్కింటివాడు పస్తుండగా తాను కడుపునిండా తినేవాడి విశ్వాసం పూర్తికాదని ప్రవక్త (స) బోధ.

మరి మనం చేయవలసిందేమిటి? గుమ్మం దగ్గర పదిమందికి పది నాణేలు వేస్తే ఒక్కరి ఆకలీ పూర్తిగా తీరదు. అదే పది ఇళ్ల జకాత్ ఒకచోట చేరితే ఒక వితంతువుకు కుట్టుమిషను వస్తుంది, ఒక పిల్లవాడి చదువు ఆగకుండా సాగుతుంది, అప్పులో మునిగినవాడు ఒడ్డున పడతాడు. అప్పులపాలైనవాడూ జకాత్‌కు అర్హులైన ఎనిమిది తెగలలో ఒకడే. ప్రతి మొహల్లాలో అర్హుల జాబితా రంజాన్‌కు ముందే తయారుకావాలి. సదఖా సొమ్ములో కొంత తుఫాను రోజులకని విడిగా దాచాలి. వచ్చిందీ పోయిందీ పైసాతో సహా అందరి ముందూ చదివి వినిపించాలి. లెక్క లేనిచోట నమ్మకం నిలవదు, నమ్మకం లేనిచోట దానం నిలవదు.

ఉప్పెన ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. అది వచ్చేనాటికి మన చేయి ఖాళీగా వుండాలా, నిండుగా వుండాలా అన్నది మాత్రం మన చేతిలోనే వుంది. ఆ తౌఫీఖ్‌ను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.