డీజిల్ ట్రక్కు కరెంటు మీద ఎప్పుడు ఆధారపడింది? పంపు, ఆల్టర్నేటర్ కథ

ఈరోజు ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మన రోడ్ల మీద తిరిగిన పాత లారీ ఉంది కదా, స్టార్ట్ అయ్యాక దాని ఇంజిన్‌కి కరెంటుతో పనేంటి? దాదాపు ఏమీ లేదు. బ్యాటరీ డౌన్ అయితే నలుగురు తోసేవాళ్ళు, ఇంజిన్ అందుకునేది. ఆపాలంటే స్టాప్ కేబుల్ లాగాలి, అంతే. ఇప్పటి ట్రక్కులో అయితే వోల్టేజ్ కాస్త పడినా ఇంజిన్ స్టార్ట్ కూడా అవ్వదు. మధ్యలో ఏం జరిగింది? ఇది తెలియకుండా ఫ్యూయల్ సిస్టమ్ అప్‌గ్రేడ్ చేయిస్తే డబ్బులు బూడిదలో పోసినట్టే.

ముందు జర్మనీ వెళ్దాం. రుడాల్ఫ్ డీజిల్ ఇంజిన్ 1897లో ఆగ్స్‌బర్గ్‌లో విజయవంతంగా నడిచింది. అందులో స్పార్క్ ప్లగ్ లేదు. గాలిని గట్టిగా నొక్కితే వచ్చే వేడికే ఇంధనం మండుతుంది. అంటే పుట్టుకతోనే అది కరెంటు అవసరం లేని ఇంజిన్. కానీ ఒక చిక్కు ఉంది. ఇంధనాన్ని సిలిండర్‌లోకి ఊదడానికి పెద్ద ఎయిర్ కంప్రెసర్ కావాలి. ఫ్యాక్టరీలో, ఓడలో సరే, ట్రక్కులో ఎక్కడ పెడతాం?

1920లలో ఆ చిక్కు విడిపోయింది. బెంజ్, మ్యాన్ కంపెనీలు డీజిల్ ట్రక్కులు తెచ్చాయి. 1927లో రాబర్ట్ బాష్ కంపెనీ ఇన్‌లైన్ ఇంజెక్షన్ పంపుని పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. లోపల ఒక క్యామ్ షాఫ్ట్, వరసగా ప్లంజర్లు, స్పీడుని అదుపు చేసే గవర్నర్. మొత్తం ఇనుమే, వైర్ అనేదే లేదు. మనకి ఇది బాగా తెలిసిన పంపే. 1951లో మైకో మొదలైంది. ఆ పేరు ఎంత పాతుకుపోయిందంటే, 2008లో కంపెనీ పేరు బాష్‌గా మారినా ఇప్పటికీ చాలామంది మెకానిక్‌లకి అది మైకో పంపే.

ఇప్పుడు అమెరికా. 1989 మోడల్‌తో డాడ్జ్ పికప్‌లో 5.9 లీటర్ల కమిన్స్ ఇంజిన్ వచ్చింది. 1994లో దానికి బాష్ పి7100 ఇన్‌లైన్ పంపు పెట్టారు. ఆపడానికి వాడే సోలనాయిడ్ లాంటివి తప్పిస్తే ఇంధనం పని మొత్తం మెకానికలే. ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపుని, మనవాళ్ళు ఫీడ్ పంప్ అంటారు, అక్కడ లిఫ్ట్ పంప్ అంటారు, దాన్ని కూడా ఇంజిన్ క్యామే తిప్పేది. అందుకే పవర్ పెంచాలనుకునే కుర్రాళ్ళు ఈరోజుకీ ఆ ఇంజిన్ కోసం వెతుకుతారు. స్పానర్‌తోనే ట్యూన్ చేయొచ్చు.

1998 మధ్యలో కథ మలుపు తిరిగింది. పొగ మీద రూల్స్ కఠినం అవుతున్నాయి. ఎంత ఇంధనం, ఏ క్షణంలో అన్నది కచ్చితంగా ఉండాలి. ఇనుప గవర్నర్‌తో అది కష్టం. దాంతో వీపీ44 అనే ఎలక్ట్రానిక్ పంపు వచ్చింది. దాని నెత్తి మీదే ఒక సర్క్యూట్ బోర్డు. లిఫ్ట్ పంపు కూడా ఎలక్ట్రిక్ అయిపోయింది. గమనించండి, వీపీ44ని చల్లబరిచేదీ, లోపల రాపిడి తగ్గించేదీ దాని గుండా పారే డీజిలే. లిఫ్ట్ పంపు నీరసిస్తే ఖరీదైన పెద్ద పంపు వేడెక్కి చస్తుంది. పైగా ఆ లిఫ్ట్ పంపుని ఇంజిన్ పక్కన బిగించారు. ట్యాంకు నుంచి అంత దూరం లాక్కోవాలి. పంపులకి తోయడం తేలిక, లాగడం కష్టం. తర్వాతి మోడళ్ళలో దాన్ని ట్యాంకు లోపలికే మార్చారు.

అదే కాలం నాటి ఇంకో ఉదాహరణ ఫోర్డ్ 6.0 లీటర్ల పవర్ స్ట్రోక్, 2003 నుంచి 2007 వరకు. దాని ఇంజెక్టర్లు పనిచేయడానికి ఒక మాడ్యూల్ 12 వోల్టుల్ని 48 వోల్టులు చేస్తుంది. చలికాలం పొద్దున బ్యాటరీ నీరసంగా ఉంటే? అదే పవర్ ఇవ్వాలి కాబట్టి మాడ్యూల్ ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. వేడెక్కుతుంది. పదేపదే ఇలా జరిగితే పోతుంది. ఓనర్ ఏమో ఇంజెక్టర్ పోయిందనుకుంటాడు. అసలు దొంగ బ్యాటరీ దగ్గర, ఆల్టర్నేటర్ దగ్గర కూర్చుని ఉంటాడు.

ఇక ఆల్టర్నేటర్ సంగతి. మన ఊళ్ళలో పాత మెకానిక్‌లు ఇప్పటికీ దాన్ని డైనమో అంటారు చూశారా, ఆ మాటలోనే చరిత్ర ఉంది. ఒకప్పుడు బండ్లలో ఉన్నది నిజంగా డైనమోనే, నేరుగా డీసీ ఇచ్చేది. ఇంజిన్ నెమ్మదిగా తిరిగితే ఛార్జింగ్ సరిగ్గా ఉండేది కాదు. సిలికాన్ డయోడ్లు చవకయ్యాక ఆల్టర్నేటర్ వచ్చింది. అమెరికాలో క్రైస్లర్ 1960 వాలియంట్ కారులో పెట్టింది. లోపల పుట్టేది ఏసీ, డయోడ్లు దాన్ని డీసీ చేస్తాయి. ఒక డయోడ్ పోతే? బ్యాటరీ లైటు వెలగకపోవచ్చు, వోల్టేజ్ కూడా బాగానే కనిపించొచ్చు. కానీ డీసీలో ఏసీ అల కలుస్తుంది. హెడ్‌లైట్‌కి అది పట్టదు. సెన్సర్‌కి, కంప్యూటర్‌కి పడుతుంది. నేను సాఫ్ట్‌వేర్ వాడిని కాబట్టి ఇలా చెప్తా: కోడ్ అంతా కరెక్టే, వచ్చే డేటాలోనే చెత్త కలిసింది. ఆ కమిన్స్ ట్రక్కుల్లో గేర్‌బాక్స్ లాకప్ పడుతూ వదులుతూ ఉంటే, చాలాసార్లు వెతికి వెతికి చివరికి పట్టుకున్నది ఆల్టర్నేటర్‌నే.

అందుకే ఫ్యూయల్ సిస్టమ్ అప్‌గ్రేడ్‌కి ఒక వరస ఉంది. ముందు మల్టీమీటర్. 12 వోల్టుల బండిలో ఇంజిన్ ఆన్‌లో సుమారు 14 వోల్టులు ఉండాలి. మీటర్‌ని ఏసీకి తిప్పి చూడండి, అర వోల్టు దాకా వస్తే డయోడ్‌ని అనుమానించండి. తర్వాత బ్యాటరీ టెర్మినళ్ళు, ఇంజిన్ ఎర్త్, ఛాసిస్ ఎర్త్ శుభ్రం చేయండి. ఆ తర్వాతే కొత్త లిఫ్ట్ పంపు. దానికి పాత సన్న వైర్ సరిపోదు. ఆ వైర్‌తో రిలేని మాత్రం ఆన్ చేయించి, అసలు కరెంటు ఫ్యూజ్ ద్వారా నేరుగా బ్యాటరీ నుంచి ఇవ్వాలి. ఒక ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ పెట్టించండి, పెద్ద పంపు ఆకలితో ఉందో లేదో అదే చెప్తుంది. పెద్ద ఆల్టర్నేటర్ పెడితే పరికరాలు కాలిపోతాయేమో అని కామెంట్స్‌లో అడుగుతుంటారు. కాలిపోవు. వోల్టేజ్ అదుపులో ఉంటే, లోడ్ తనకి కావలసినన్ని ఆంపియర్లే తీసుకుంటుంది. కానీ కేబుల్ మాత్రం ఆ సైజుకి తగ్గట్టు మార్చాల్సిందే. ఇంకోటి, డబ్బా మీద రాసిన ఆంపియర్లు ఐడిల్‌లో రావు.

ఇదంతా అమెరికా గోల అనుకోకండి. 2020 ఏప్రిల్ నుంచి మన దగ్గర బీఎస్-6 వచ్చింది. కొత్త లారీ కొంటే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ తప్పదు. ఆటోనగర్‌లో చెవి పెట్టి పంపు శబ్దం విని రోగం చెప్పిన మెకానిక్‌లు ఉన్నారు. ఆ చెవికి ఏసీ అల వినపడదు. వాళ్ళ తెలివి తగ్గలేదు, రోగమే వైర్లలోకి మారింది. ఈఎంఐ కట్టే ఓనర్‌కి లారీ ఒక్కరోజు నిలబడినా నష్టమే. ముందు పంపు మార్చి, తర్వాత ఆల్టర్నేటర్ అని తెలిస్తే రెండుసార్లు ఖర్చు.

రుడాల్ఫ్ డీజిల్ ఇంజిన్‌కి కరెంటు అక్కర్లేదు. మన ఇంజిన్‌కి డీజిల్ ఎంత ముఖ్యమో, శుభ్రమైన కరెంటు కూడా అంతే. కాబట్టి ఇంట్లో ఎవరికైనా లారీ ఉంటే ఈ వారం ఒక పని చేయండి: మీటర్ పట్టుకుని ఆ రెండు రీడింగులు తీసి, డీసీ ఎంత, ఏసీ ఎంత, కామెంట్‌లో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో వాటినే చూద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.