నంబరు పలక చెప్పే చరిత్ర

గుమస్తాగా సర్వీసంతా దస్త్రాల మధ్య గడిపిన వాణ్ణి. పాత కాగితమంటే నాకు ఇప్పటికీ మమకారమే. అందుకే మన ప్రాంతపు ట్రాక్టర్లు, పాత వాహనాల రిజిస్ట్రేషన్ సంగతి నాలుగు మాటల్లో మనవి చేస్తున్నాను.

మోటారు వాహనాలకు 1914లో ఒక చట్టం, దాని స్థానంలో 1939లో మరొకటి వచ్చాయి. రెండూ బ్రిటిష్ ఇండియా కోసం చేసినవి. అప్పుడు అశ్వారావుపేట నైజాం ఏలుబడిలోను, పక్కనున్న జీలుగుమిల్లి మద్రాసు రాజధానిలోను ఉండేవి. 1956 నవంబరు 1న రెండూ ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. 2014 జూన్ 2న మళ్లీ వేరు రాష్ట్రాలవి అయ్యాయి.

ఈ మార్పులు నంబరు పలకలకూ ఎక్కాయి. 1988 నాటి చట్టం 1989 జూలై 1న అమలులోకి వచ్చాక ఖమ్మం జిల్లాకు ఏపీ 20 వచ్చింది. 2014లో అది టీఎస్ 04 అయింది. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడగా మనకు టీఎస్ 28 వచ్చింది. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ అని వేస్తున్నారు. పాత బండ్లు పాత నంబర్లతోనే తిరుగుతున్నాయి. ఆయిల్‌పామ్ గెలలతో బారులు తీరిన ట్రాక్టర్లను చూస్తే ఈ చరిత్రంతా కనబడుతుంది.

చట్టం దృష్టిలో ట్రాక్టరు బరువు మోసేది కాదు, లాగేది. వెనుక తగిలించే ట్రైలరుకు వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి. వ్యవసాయ ట్రాక్టరు రవాణా వాహనం కాదు గనుక రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తరువాత ఐదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. అదే బండి ఇటుక, ఇసుక కిరాయికి వెళితే లెక్క మారుతుంది. ప్రమాదం జరిగినప్పుడు బీమా వారు ముందు అడిగేది ఆ సంగతే.

తాతల నాటి బండి ఇంట్లో ఉన్నవారికి 2021 జూలైలో ఒక వెసులుబాటు వచ్చింది. 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను ‘వింటేజ్’ కింద నమోదు చేస్తారు. నంబరులో ‘వీఏ’ అక్షరాలుంటాయి. ఈ నిబంధనల్లో రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. అయితే దానిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు తప్ప రోజువారీ పనులకు తిప్పరాదు. కాబట్టి పొలం పని చేసే పాత ట్రాక్టరుకు రెన్యువలే గతి.

ఇక ముఖ్యమైన మాట. మా వీధిలో ఒక విశ్రాంత ఉద్యోగి పాత ట్రాక్టరును తెల్లకాగితం మీద రాసి అమ్మేశారు, సి-బుక్కులో పేరు మార్పించలేదు. కొన్నేళ్లకు ఎక్కడో ప్రమాదం జరిగి కోర్టు నోటీసు ఆయన గుమ్మానికే వచ్చింది. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు కూడా రికార్డులో పేరున్నవారే యజమాని అని తేల్చింది.

యజమాని మరణిస్తే వారసులు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31 ద్వారా పేరు మార్పు కోరాలి. 2021 నుంచి బతికుండగానే నామినీ పేరు రాయించుకోవచ్చు. పింఛను కాగితాల్లో భార్య పేరు రాయించడం మనం మరువలేదు. సి-బుక్కులోనూ రాయించండి. రేపు మన ఇల్లాలు ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ కొంతైనా తప్పుతుంది.